రెండో బకెట్

పెదపాడు దగ్గర చేపపిల్లల చెరువు. భర్త మొదటి బకెట్ మందు చల్లి గట్టెక్కేసరికి, భార్య రెండో బకెట్‌ని పట్టుకుని నిలబడింది. అతనూ దాని మీద చెయ్యి వేశాడు.

“చెయ్యి తియ్యి. పిల్లలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి.”

“ఇంక చల్లకండి. ఒక బకెట్ చాలండీ.”

“పెద్ద చెరువుకి నాలుగు చల్లాం. దీని పొడవూ సగమే, వెడల్పూ సగమే. సగం మందు పడొద్దా?”

“అక్కడే పొరపాటండీ. లోతు రెండిటికీ ఒకటే. పొడవూ వెడల్పూ రెండూ సగమైతే, నీళ్లు నాలుగో వంతే ఉంటాయి.”

“ఓపెన్ స్కూల్లో చేరి నెల కాలేదు, నాకు లెక్కలు చెబుతున్నావా?”

“ఎక్స్ బై టూ హోల్ స్క్వేర్ అండీ. పైన ఎక్స్ స్క్వేర్, కింద నాలుగు. నిన్న నేనూ మీలాగే కింద రెండు వేశాను. మాస్టారు తప్పని కొట్టేశారు.”

“పదిహేనేళ్లుగా చెరువులు చేస్తున్నాను. ఇవి చచ్చిపోతే నీ మాస్టారొచ్చి బతికిస్తాడా?”

“పోయినేడు ఈ చెరువులోనే ఇదే మందు చల్లిన మర్నాడు పిల్లలన్నీ చచ్చి తేలాయి. సీడ్ కొన్నచోటే పిల్లలు మంచివి కావన్నారు మీరు.”

“అయితే?”

“ఆ రోజు ఎన్ని బకెట్లు చల్లారండీ?”

అతను చెరువు వైపు చూశాడు. బకెట్ మీంచి చెయ్యి తీశాడు.

“రెండు.”