దయ్యానికి ఒక్కటే హుక్కు

— తాతా, నువ్వు నవ్వుకుంట చూస్తున్నవ్ గని, ఇంత అధ్వాన్నం సిన్మ ఎవరన్న చూస్తరా? ఆ దయ్యానికి కట్టిన తాడు కండ్లకు కనబడుతుంది.

ఏదీ, కనబడుతుందా? నా అద్దాలియ్యి. ఆఁ... ఉంది ఉంది, నడుం కాడ. ఆపు బిడ్డా, జెర గక్కడ్నే ఆపు. నువ్వేమో అధ్వాన్నం అంటున్నవ్. నేనైతె గీ తాడు కోసమే చూస్త. నవ్వకు, నిజంగనే. మంచి సిన్మలు నాకు పట్టయి. గిప్పటి సిన్మలల్ల ఆకాశం మీదికెల్లి దునికినా తాడు కనబడది, అంత కంప్యూటర్ల తుడిచేస్తరట గద. చూసినంత సేపు చూస్తం, లేచి పోతం. గిసువంటి సిన్మ నన్ను ఒకపారి బతికిచ్చింది, ఎర్కేనా? మెల్లగ మాట్లాడు, మీ అమ్మమ్మ వంటింట్ల ఉంది. ఆమెకు గీ ముచ్చట ఇప్పటిదాక తెల్వది.

దుబాయ్ల ఉన్నప్పుడు. దుబాయ్ అంటె దుబాయ్ గాదు, మనోళ్లం అన్నిటిని దుబాయే అంటం గని, నేనుండింది అబుదాబి దిక్కు, ముసఫ్ఫాల ఐకాడ్ అని, అన్ని ఫ్యాక్టరీలు, క్యాంపులు ఉండే జాగ. రెండువేల అయిదో... కాదు కాదు, మీ అమ్మ పదో తరగతి రాసిన ఏడు. ఆరు. ఆరే.

మా పనేందంటె స్కాఫోల్డింగ్. బిల్డింగు కట్టేటప్పుడు చుట్టూత ఇనుప పైపులు నిలబెట్టి, నడుమ పలకలు పరిచి, మేస్త్రీలు నిలబడెటట్టు చేస్తరు చూడు, గది కట్టేది మేమే. అందరికన్న ముందుగాల ఎక్కేది మేము, అందరికన్న ఎనుక దిగేది మేము. ఒంటికి బెల్టు, బెల్టుకు రెండు తాళ్లు, తాళ్లకు రెండు హుక్కులు. రెండెందుకంటవా? ఒక హుక్కు తీసి ముంగటి పైపుకు పెట్టేటప్పుడు రెండోది పట్టుకోని ఉండాలె. మనిషి ఒక్క ఘడియ గూడ ఉత్తగ ఉండద్దు. గది యాదిపెట్టుకో, మల్ల అక్కరకస్తది. కట్టుడు అయినంక ఒక సారు అచ్చి చూస్తడు. బాగుంటె పచ్చ ట్యాగు తగిలిస్తడు, ఎక్కచ్చు అని. బాగలేకుంటె ఎర్ర ట్యాగు, ఎవ్వలు ఎక్కద్దు.

రూముల ఎనమండుగురం. నా జోడీ మస్తాన్ భాయ్, నెల్లూరు దిక్కాయన. నాకన్న పదేండ్లు పెద్ద, ఇంత బొర్ర, అయినా పైపుల మీద నడిస్తె పిల్లి నడిచినట్టె. టీవీ ఆయనదే, సీడీలు ఆడే డబ్బ ఆయనదే. శుక్రవారం సెలవు గద. ఆయన నమాజుకు పోయి అస్తుండె, మేము గీలోపల కోడికూర అండుతుంటిమి. తిన్నంక తలుపుకు దుప్పటి కట్టి సిన్మ.

సిన్మలు యాడియి అంటవా? క్యాంపు గేటు కాడ ఒకడు గుడ్డ పరిచి అమ్ముతుండె, అయిదు దిర్హాములకు రెండు. గప్పుడు కోడిగుడ్ల అట్ట ఏడో ఎనిమిదో ఉండె, గది ఇడిసిపెట్టు. మా రూముల అందరికి దయ్యాలు కావాలె, లేకుంటె ఫైటింగు కావాలె. ఏడుపు సిన్మలు అద్దు, ఏడుపు మా కాడ శానుండె. ఆ డబ్బ మీద ఒక బొమ్మ ఉంటది, లోపల ఇంకో సిన్మ ఉంటది. ఒకదాంట్ల ముసలవ్వకు మొగోని గొంతు పెట్టిన్రు. ఇంకోటి ఏదో టాకీసుల దొంగతనంగ తీసింది, నడుమల టోపీ పెట్టుకున్నాయన లేచి బయటికి పోతడు, తెర మొత్తం ఆయన తలకాయే. ఆ సిన్మ ఆరు పార్లు చూసినం, ఆ టోపీ ఆయన కోసం. ఆయన లేసే టైముకు మస్తాన్ భాయ్, కూసో పెద్దాయనా, అసలు కత ఇప్పుడే గదా అని బతిమాలుతుండె. ఆయన ఎన్నడు ఇనలే.

సిన్మ అయినంక మా రూముల ఒక రివాజు ఉండె. సైటు మీద పారేసిన పాత ట్యాగులు తెచ్చి గోడ మొలకు ఏలాడగట్టినం. సిన్మ బాగుంటె సీడీకి పచ్చ ట్యాగు, చెడిపోయింది ఉంటె ఎర్ర ట్యాగు. ఎనమండుగురం చేతులెత్తేది. తమాష ఏందంటె, పచ్చ ట్యాగు పడ్డయి మల్ల ఎన్నడు పెట్టలే. మల్ల మల్ల ఏసుకున్నయన్ని ఎర్రయే.

ఇగ అసలు ముచ్చట. ఒకనాడు పైన పనిచేస్తున్న. ఎంత ఎత్తంటె, కింద బస్సు అగ్గిపెట్టె లెక్క కనబడుతుంది. ఒక హుక్కు తీసిన, ముంగటి పైపుకు పెట్టబోతున్న, కాళ్ల కింద పలక జారింది. ఆ పలకకు కట్టు కట్టింది ఎవరనుకున్నవ్? నేనే. సరిగ బిగియ్యలే. తప్పు ఎవ్వలది గాదు, నాదే. పలక పోయింది, నేను రెండో హుక్కు మీద ఏలాడుతున్న. మస్తాన్ భాయ్ అచ్చి గుంజిండు. అయిదు నిమిషాలు అంటడాయన. నాకైతె ఒక పూట ఉన్నట్టుండె.

దెబ్బ తాకలే, చిన్న గీత గూడ పడలే. గని తెల్లారి పైపు మీద చెయ్యేస్తె చెయ్యి వణుకుతుంది. రెండో మెట్టు కాడికెల్లే దిగచ్చిన. జ్వరం అని చెప్పిన. మర్నాడు కడుపునొప్పి అన్న. కింద పైపులు మోసుడు, నట్లు ఏరుడు, గదే పని. ఇంకా ఇచ్చంత్రం చెప్తె నవ్వుతవ్... రూముల నాది మీది మంచం. మంచం మీద మంచం ఉంటయి గద, రైల్ల ఉన్నట్టు. ఆ మీది మంచం ఎక్కుతందుకు గూడ భయమే. ఎవ్వలకు చెప్పుత? మస్తాన్ భాయ్ తన కింది మంచం నాకిచ్చి ఆయన మీదికి ఎక్కిండు. ఆయన బొర్రకు ఆ మంచం కిర్రుకిర్రు అంటుంటె, ఇగ అది నా మీద పడ్తదని గింకో భయం. ఇంటికి ఫోన్ చేస్తె మీ అమ్మమ్మ, ఎట్లున్నవ్ అన్నది. పైన గాలి మంచిగస్తుంది అన్న.

నవ్వుతున్న గని బిడ్డా, గప్పుడు నవ్వు లేకుండె. సిగ్గుండె. పన్నెండేండ్లు ఎక్కినోన్ని, నాకు గింకో పని రాదు. నాలుగు రోజులు చూసి ఫోర్మన్ పిలిచిండు. మలయాళం మనిషి, చెడ్డోడు గాదు. హిందీల చెప్పిండు, నీ వీసా స్కాఫోల్డరుది, కింద నట్లు ఏరేటోనిది గాదు, శనివారం పొద్దుగాల ఎక్కితె ఎక్కినవ్, లేకుంటె ముదీర్, అంటె పెద్ద మేనేజరు, కాయిదం మీద సంతకం పెడ్తడు, ఖలాస్, ఇంటికే అని. గది గురువారం. నడుమల ఒక్క శుక్రవారమే ఉంది.

ఆ శుక్రవారం అచ్చింది. ఏదున్నా రివాజు రివాజే, తలుపుకు దుప్పటి కట్టిన్రు, మస్తాన్ భాయ్ కొత్త సీడీ పెట్టిండు. ఏ దేశందో తెల్వది, హిందీల మాటలు పెట్టిన్రు. దయ్యంతోని హీరో కరాటే ఆడుతడు. దయ్యానికి కరాటే ఎట్ల తాకుతది అని ఎవడు అడగలే. తెల్ల గౌను దయ్యం మిద్దె గోడ మీదికెక్కి, ఆడికెల్లి హీరో మీదికి ఎగురుతది. ఎగిరిందో లేదో, ఎనుకకెల్లి తాడు, తాడుకు హుక్కు, సాఫుగ కనబడ్డయి. రూముల అందరు స్కాఫోల్డర్లే గద, దయ్యాన్ని ఎవడు చూస్తడు, అందరు హుక్కునే చూసిన్రు. మస్తాన్ భాయ్ సిన్మ ఆపి, లేసి టీవీ కాడికి పోయి ఏలు పెట్టి చూపెట్టిండు.

"చూడండబ్బయా, ఒకటే హుక్కు. దీన్ని మన సైట్లోకి రానీరు, గేటు కాడే నిలబెడతారు."

ఇగ చూడు, నవ్వుడే నవ్వుడు. బెల్టు తిర్లమర్ల ఏసుకున్నదని ఒకడు, హెల్మెట్ ఏదని ఒకడు, దీన్ని ఎక్కనిచ్చిన ఫోర్మన్ ఎవడని ఒకడు. నేనొక్కన్నే నవ్వలే. ఎందుకంటె నాకు గింకోటి కనబడ్డది. తెర అంచుకు, గోడ పక్కపొంటి, ఒక చెయ్యి. మోచెయ్యి దాక చెయ్యి, దానికి గడియారం, ఆ తాడును పట్టుకోని ఉన్నది. సిన్మోళ్లు తియ్యమరిచిపోయిన్రు. పొరపాటే గది.

మస్తాన్ భాయ్, ఎనుకకు తిప్పు అన్న. అయిదు రోజులాయె నేను రూముల నోరు తెరువక. అందరు నా దిక్కు చూసిన్రు. ఆయన తిప్పిండు. మల్ల చూసిన. మల్ల తిప్పుమన్న. ఆ దయ్యం ఉన్నది చూడు, దయ్యం కాదాయె, పాపం ఎవలో ఆడివిల్ల, మొకానికి సున్నం పూసిన్రు. ఎగిరే ముందు కిందికి చూసింది. చూసి, గుటుక్కున ఉమ్మి మింగింది. భయపడ్డది బిడ్డా. అందరిని భయపెట్టేటందుకు నిలబెట్టిన దయ్యం, అదే భయపడుతుంది. మల్ల పక్కకు తిరిగి ఆ గడియారం చెయ్యిని ఒక్కపారి చూసింది. గప్పుడు ఎగిరింది.

నాకు నవ్వచ్చింది. నవ్వుతుంటె కండ్లల్ల నీళ్లచ్చినయి, ఏది ఏదో నాకే తెల్వలే. దీనికి గూడ భయమే మస్తాన్ భాయ్, చూడు, దీనికి గూడ నా లెక్కనే భయమైతుంది అన్న. నా భయం సంగతి నోటితోని అన్నది గదే మొదలు. ఔ, ఎర్కనే అన్నట్టు రూముల అందరు తలకాయలూపిన్రు. అందరికి ముందే తెలుసని గప్పుడు సమజైంది. మస్తాన్ భాయ్ ఆ సిన్మకు ఎర్ర ట్యాగు ఏసి, మల్ల మొదటికెల్లి పెట్టిండు.

తెల్లారి శనివారం. బెల్టు ఏసుకున్న, పైపు కింద నిలబడ్డ. ఫోర్మన్ దూరంగ నిలబడి ఫోన్ మాట్లాడుతున్నట్టు చేస్తుండు గని చూపంత ఈడనే. మూడు మెట్లు ఎక్కిన. ఆడ మల్ల ఆగిపోయిన. పైపును కౌగలిచ్చుకోని నిలబడ్డ. పక్క పైపు మీదికెల్లి మస్తాన్ భాయ్ పైకచ్చిండు, నా తాడు మీద చెయ్యేసిండు. చూస్తె ఏముంది, ఆ చెయ్యికి గడియారం. పనిల గడియారం పెట్టుకోవద్దని రూలు, ఆయన రూలు తప్పే మనిషి గాదు. ఇంకోటి ఏందంటె, ఆయనకు గడియారమే లేకుండె. అల్లునికి ఇద్దామని కొని, డబ్బల పెట్టి, మంచం కింద దాచిపెట్టుకున్న కొత్త గడియారం అది.

"ఎగురు దయ్యమా," అన్నడు, "నేను పట్టుకుని ఉండాగా."

ఎక్కిన. భయం పోయిందనుకుంటున్నవా? పోలే. భయంతోనే ఎక్కిన. హుక్కు తీసుడు, పెట్టుడు, పక్కకు చూసుడు. మస్తు చెమట పట్టింది. పొద్దుమీకి దిగెవరకు ఆ కొత్త గడియారానికి పైపు తాకి అద్దం మీద ఇంత గీత పడ్డది. అయ్యో భాయ్ అన్న. అల్లుడు టైము చూసుకుంటాడు గాని గీత చూసుకుంటాడా అన్నడు. రూముకు పోయి చూస్తె నా సామాను మీది మంచం మీద ఉంది. ఆ మంచానికి పచ్చ ట్యాగు ఏలాడుతుంది.

ఆ నాటి సంది నా పేరు దయ్యమే. రెండువేల ఎనిమిదిల ఆయన ఇంటికి పోయిండు, నేను ఆయన ఎనుకనే అచ్చిన. ఇప్పటికి పండుగకు ఫోన్ చేస్తె హలో అనడు, దయ్యం బాగుందా అంటడు. మీ అమ్మమ్మ పక్కకెల్లి, ఎవరికట పట్టింది దయ్యం అని అడుగుతది. నెల్లూరుల ఎవరికో పట్టిందంట అని చెప్త.

గందుకే బిడ్డా, తాడు కనబడితె నవ్వు, నవ్వద్దని అంటలే. నేను గూడ నవ్వుత. గని నవ్వినంక అంచుకు ఒకపారి చూడు, ఎవలన్న పట్టుకోని ఉన్నరా అని. నువ్వు రేపు పెద్ద పెద్ద చదువులు చదువుతవ్, యాడాడికో ఎక్కుతవ్. ఎక్కు. నీ చెయ్యి వణికిననాడు పక్కకు తిరిగి చూస్తె, నీకు గూడ గడియారం పెట్టుకున్న చెయ్యి ఒకటి కనబడాలె, సల్లగుండు నా తల్లి. నువ్వు గూడ ఇంకొకలకు...

అస్తుంది, మీ అమ్మమ్మ అస్తుంది. సిన్మ పెట్టు. కాదు కాదు, మొదటికెల్లి అద్దు, జెర ఎనుకకు తిప్పు. తాడు కనబడే కాడికి.