రెండు స్పీకర్లు, ఒక్క కుర్చీ

"కాదండీ, రెండు చాలు మనకి. నేను చెబుతున్నాగా, రెండు చాలు."

"నువ్వుండు. ఏమ్మా, ఐదు పెడితే ఎలా ఉంటుందో ఇంకోసారి వినిపించు."

"ఇప్పటికి మూడుసార్లు విన్నాం."

"నాలుగోసారి వింటాం. నీకేమన్నా తొందరా?"

"నాకేం తొందర! నాకెందుకు తొందర?"

స్పీకర్లు అమ్మే దుకాణంలో వెనకగది అది. గోడలకి మందపాటి గుడ్డ, కింద తివాచీ, మధ్యలో ఒక్క సోఫా. లిఫ్టు మెకానిక్‌గా చేసి రెండేళ్ళ కిందట రిటైరైన ఆయన సోఫా నడుమ కూర్చున్నాడు, భార్య ఆయన పక్కన చివరికి ఒదిగి ఉంది. దుకాణంలో పనిచేసే అమ్మాయి రిమోటు పట్టుకుని ఎదురుగా నిలబడింది. తలుపు వేస్తే బయటి చప్పుడు ఒక్కటీ లోపలికి రాదు. వచ్చినప్పట్నించీ ఆవిడ చూపు ఆ తలుపు మీదే ఉంది.

"సార్, ఇవి ముందు మూడు, వెనక రెండు. మూలనున్న పెద్ద డబ్బా డప్పులాంటి బరువు శబ్దాలకి. పాట మన చుట్టూరా ఉంటుంది. ఎక్కడ కూర్చున్నా సరే."

"విన్నావా? ఎక్కడ కూర్చున్నా సరే! అదీ నాకు కావలసింది. ఏదీ, లే. ఆ మూలకెళ్ళు. వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది."

"ఇటు రా. ఈ పక్క?"

"వినిపిస్తోందండీ."

"నా వెనక్కి రా."

"వెనకా వినిపిస్తోంది. ఎక్కడికి పోయినా వదలట్లేదు."

"అదే మరి! చూడమ్మా, మా ఇంట్లో ఇన్నాళ్ళూ రెండే ఉండేవి. ఆంప్లిఫయర్ కాలిపోయింది, సరే. అసలు రెండు స్పీకర్లంటే ఒకటే కుర్చీ. సరిగ్గా మధ్యలో కూర్చోవాలి. జానెడు పక్కకి జరిగామా, పాడేవాడు వెళ్ళి ఒక స్పీకర్లో దూరతాడు. కుర్చీ కాళ్ళ దగ్గర నేలమీద సుద్దతో గీతలు గీసుకున్నానంటే చూసుకో."

"తుడిస్తే పోతాయి. మళ్ళీ గీస్తారు."

"గీస్తాను. నాలుగింటికి కూర్చున్నానంటే ఆరు దాకా కదలను. నేనేమో మధ్యలో మహారాజులా, ఈవిడేమో వంటింట్లో. స్వార్థం కాదూ అది?"

"నేనెప్పుడన్నా అడిగానా?"

"నువ్వడగవు. అడగవు కాబట్టే నేను చూసుకోవాలి. రిటైరయ్యాక ఏమనుకున్నాం? ఇద్దరం ఒక్కచోటే ఉందామనుకున్నాం. నీ కుట్టుపని మాన్పించింది అందుకే కదా."

"మాన్పించారు."

"నువ్వే మానేశావు."

"సరే, నేనే మానేశాను."

"వంటింట్లోకి కూడా ఒక చిన్న స్పీకరు లాగొచ్చునా అమ్మా? వైరు నేనే లాగుతాను."

"లాగొచ్చు సార్."

"వంటింట్లోకి ఎందుకండీ! కుక్కర్ కూతలు వినపడొద్దూ? అమ్మాయ్, నువ్వు చెప్పు. ఈయన వినేవన్నీ పాత పాటలు. అవి రెండు స్పీకర్లకే కదా రికార్డు చేసింది?"

"అవును మేడమ్. వాటిల్లో వెనకనించి వచ్చేదంతా యంత్రం కల్పించేదే."

"విన్నారా? కల్పించేది! పాడినాయన ఎదురుగా నిలబడి పాడితే మనకి వెనకనించి వినపడ్డం ఏమిటండీ, దొంగలా?"

"ఇదంతా నీకెప్పుడు తెలిసింది?"

"ఎక్కడో చదివాను."

"మొన్న మేడమ్ అడిగినప్పుడు కూడా నేను ఇదే..."

"మొన్నా?"

"ఫోన్లోనండీ. దుకాణం ఎప్పుడు తెరుస్తారో కనుక్కుందామని ఫోన్ చేశాను."

"ఎప్పుడు తెరుస్తారో కనుక్కోడానికి చేసి, వెనక స్పీకర్ల సంగతి మాట్లాడావు."

"మాటల్లో మాట వచ్చింది."

"అవును సార్. ఫోన్లో."

"మంచిదే, మంచిదే. నేనేమన్నా అన్నానా? ఆ, ఫోనంటే గుర్తొచ్చింది. మా బావగారికి చెయ్యాలి. ఈ గదిలో సిగ్నల్ రావట్లేదు, బయట మాట్లాడి వస్తాను. నువ్వు ఇక్కడే ఉండు."

"ఎక్కడికి పోతాను!"

ఆయన వెళ్ళాక తలుపు దానంతటదే మెల్లగా మూసుకుంది.

"సారీ మేడమ్. నోరు జారింది."

"పోనీలే. తలుపు పూర్తిగా పడిందా?"

"పడింది. ఇక్కడ అరిచినా బయటికి పోదు."

"అమ్మాయ్, నీకు దణ్ణం పెడతాను. ఐదు కొన్నారంటే నా పని అయిపోయినట్టే. ఎలాగైనా రెండుకే ఒప్పించు. ఐదు స్పీకర్ల సెట్టు స్టాకు లేదను."

"ఎదురుగా పెట్టుకుని లేదంటే నమ్ముతారా? అయినా సార్ మీ కోసమే కదా మేడమ్ అడుగుతున్నది?"

"నా కోసమే. అన్నీ నా కోసమే. కూర తరుగుతుంటే పక్కన స్టూలేసుకుని కూర్చుంటారు, నా కోసం. స్నానానికెళ్తే తలుపవతల నిలబడి కబుర్లు చెబుతారు, నా కోసం. మా అక్క ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టు, నేనూ వింటానంటారు. కొట్టరు, తిట్టరు, పల్లెత్తు మాటనరు. ఎవరితో చెప్పుకోను? చెప్పి చూశాను ఒకసారి మా అక్కతో. 'మా ఆయన ఇంట్లో ఉన్నాడో లేడో కూడా నాకు తెలీదు, నీకేం, అదృష్టవంతురాలివి' అంది."

"మరి రెండు స్పీకర్లయితే ఏం మారుతుంది?"

"ఆ కుర్చీలో కూర్చుంటారు. కళ్ళు మూసుకుంటారు. పక్కకి జరిగితే పాట పాడైపోతుంది కదా, అందుకని లేవరు, నన్ను పిలవరు. రోజుకి రెండు గంటలు. మొదటి పాట మొదలవగానే వెనక తలుపు తీసుకుని వెళ్ళిపోతాను."

"ఎక్కడికి?"

"అది అడక్కు. ఎవరూ నన్ను పిలవని చోటికి. తప్పుపనేం కాదమ్మా."

"అయ్యో, నేనలా అనుకోలేదు."

"అక్కడేం చేస్తానో తెలుసా? ఏమీ చెయ్యను. కాళ్ళు చాపుకుని కూర్చుంటాను. ఒకరోజు పొలమారి గట్టిగా దగ్గొచ్చింది. ఏమైంది, ఏమైంది అని ఎవరూ అడగలేదు. దగ్గి దగ్గి, అదే తగ్గింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను!"

"ఆంప్లిఫయర్ కాలి ఎన్నాళ్ళయింది?"

"పద్దెనిమిది రోజులు. పద్దెనిమిది రోజులుగా ఇద్దరం ఒకే గదిలో. మొన్న కంటి డాక్టరు ఆయన కళ్ళల్లో చుక్కలేసి పావుగంట మూసుకోమన్నాడు. ఆ పావుగంటలో నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాను. ఐదు స్పీకర్లయితే ఆ కుర్చీతో పనుండదు. లేస్తారు, తిరుగుతారు, నా వెనకే వస్తారు. పాట కూడా వస్తుంది."

"ఊరుకోండి మేడమ్, కళ్ళు తుడుచుకోండి. నేను చెబుతాను. వస్తున్నారు, వస్తున్నారు."

"ఏమిటి, ఇద్దరూ గుసగుసలు?"

"ఏం లేదు సార్. ఒకమాట చెప్పనా? నేను ఇక్కడ ఆరేళ్ళ నించి ఉన్నాను. సినిమాలు చూసేవాళ్ళకైతే ఐదే ఇస్తాను. మీరు పాటలే వింటారు, అవీ పాతవి, ఒక్కచోట కూర్చుని. అలాంటి చెవికి రెండే సరిపోతాయి. ఐదు పెట్టుకుంటే నెల తిరక్కుండా వెనకవి ఆపేస్తారు."

"అంతేనంటావా?"

"అంతే సార్."

"నువ్వు చెప్పు. రెండా, ఐదా?"

"రెండు."

"ఎందుకు?"

"పాట బాగుంటుంది."

"ఇంకేం లేదా?"

"ఇంకేముంటుంది?"

"ఉంటే చెప్పు. ఇన్నేళ్ళలో నిన్నెప్పుడన్నా ఒక్క మాటన్నానా?"

"అనలేదు."

"మరి చెప్పు."

"ఏం లేదండీ."

"సరే. నీ మాట ఎందుకు కాదనాలి? రాయమ్మా బిల్లు. రెండు స్పీకర్ల సెట్టు ఒకటి."

"నిజంగానా? నిజంగానేనా అండీ?"

"నిజంగానే. అమ్మయ్య, మొహం ఎలా విప్పారిందో చూడు! పద్దెనిమిది రోజులైంది ఈ నవ్వు చూసి. ఇంకోటి కూడా రాయమ్మా. ఐదు స్పీకర్ల సెట్టు ఒకటి."

"రెండు సెట్లూనా సార్?"

"రెండూ. ఐదు స్పీకర్లది ఇంటికి."

"మరి ఈ రెండు?"

"వాటి అడ్రసు వేరే. రాసుకో. పోస్టాఫీసు వెనక సందు, లాండ్రీ మీద మూడో అంతస్తు, మెట్ల పక్క గది."

"ఏమండీ!"

"ఆరోజు మొదటి పాట పల్లవిలోనే కదా ఆంప్లిఫయర్ కాలింది. నీతో చెబుదామని ఇల్లంతా వెతికాను. వీధిలోకొస్తే సందు చివర కనిపించావు. పిలుద్దామనుకున్నాను. ఎంత వడిగా నడుస్తున్నావనీ, పెళ్ళైన కొత్తల్లో కూడా అంత వడిగా నడవలేదు నువ్వు. పిలవబుద్ధి కాలేదు. వెనకే వచ్చాను."

"నేను చెబుదామనే..."

"ఇందాక అడిగాగా. చెబుతావేమో, నీ నోటితో విందామనుకున్నాను. పోనీలే. నిన్న పాలకని వెళ్ళి, నీకు గది అద్దెకిచ్చిన లాండ్రీ ఆయన దగ్గర ఇంకో తాళంచెవి ఉంటే అడిగి తీసుకుని చూసొచ్చాను. చక్కటి గది. టేపు పెట్టి కొలిచాను కూడా, పదడుగులకి తొమ్మిది. దాన్లో ఐదు పట్టవు, నువ్వన్నట్టు రెండే సరి. ఒక్క చాప తప్ప ఏమీ లేదక్కడ, ఎలా కూర్చున్నావే ఇన్నాళ్ళూ? కిటికీ ఎదురుగా ఇద్దరం పట్టే సోఫా వేయిస్తాను."

"మేడమ్... బిల్లు రాయమంటారా?"

"రాయమ్మా, రాయి. ఇదిగో, నువ్విటు చూడు. ఒక్కదానివే అన్ని మెట్లెక్కి వెళ్ళడం, ఎవరూ తోడు లేకుండా కూర్చోవడం, నా మనసు ఎంత కొట్టుకుందో నీకు తెలీదు. అయిపోయాయిలే ఆ రోజులు. రేపట్నించి నాలుగింటికి ఇద్దరం కలిసే వెళదాం."