టేపు కొస పట్టుకున్న దేవసహాయం గారు

కువైట్‌లో ఎనిమిది లైన్ల రోడ్డు మీద బండి నడిపొచ్చిన దేవసహాయం గారు, సొంత ఊరి నాలుగు లైన్లు దాటలేక భూలక్ష్మి టీ బడ్డీ దగ్గర కూర్చుండిపోయేరు. ఇల్లు ఎదురుగానే ఉంది. దండెం మీద ఆరేసిన ఆయన లుంగీ కూడా కనబడుతోంది. లోపల భార్య నాగమణి గారు చింతచిగురు, రొయ్యలు వండుతున్నారు. కానీ హైవే వెడల్పు చేసినప్పుడు మధ్యలో డివైడరు కట్టి, ఊరి ముందున్న దారి మూసేశారు. అవతలికి పోవాలంటే పక్క ఊరి దాకా వెళ్లి తిరిగి రావాలి. ఆ మూసినవాడెవడో దొరికితే జన్మలో వాడికి అన్నం పెట్టనని నాగమణి గారు ఊరందరి ముందూ అనని రోజు లేదు.

పొద్దున్న ఎవరి బండి వెనకో ఎక్కి వచ్చేరు దేవసహాయం గారు. ఆ బండి వెళ్లిపోయింది. ఇంకోటి దొరికేదాకా కథ చెప్పడం తప్ప ఆయనకి వేరే పని లేదు.

"ఈ రోడ్డు కొలిచిన రోజు టేపు కొస ఎవరు పట్టుకున్నారనుకున్నారు?"

"మీరేనండి. నిన్నా చెప్పేరు" అన్నాడు కొబ్బరికాయల వ్యాపారం చేసే జగ్గారావు.

"నిన్న సగమే చెప్పేను. ఆ సర్వేయరు కుర్రాడు 'బాబాయి గారూ, కొంచెం బిగించి పట్టుకోండి' అన్నాడండి. బిగించేను. కువైట్‌లో స్టీరింగు తిప్పిన చెయ్యి కదండీ, ఒకసారి బిగిస్తే ఊరుకుంటుందా? ఇనప టేపాయె, అది సాగలేదు. రోడ్డు సాగింది! అప్పడాల కర్ర కింద పిండి సాగినట్టు రెండు లైన్లు కాస్తా మూడయ్యేయి. ఆ కుర్రాడు చాలు చాలంటాడు, నా చెయ్యి ఆగదు, నాలుగయ్యేయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"టీ చల్లారిపోయిందండి అన్నయ్య గారూ" అంది భూలక్ష్మి.

ఆయన టీ ఒక్క గుక్కలో తాగేసేరు.

"అడ్డంగా జగ్గారావు గారి కొబ్బరి చెట్లు! కొట్టేస్తామన్నారు. నేను ఊరుకుంటానా? దగ్గరకెళ్లి, 'కాస్త వెనక్కి జరుగుతారా అండి' అన్నాను. మర్యాదగా అడిగితే కోనసీమలో చెట్టు కూడా కాదనదు. బురదలో ఆడవాళ్లు కుచ్చిళ్లు ఎత్తి పట్టుకున్నట్టు వేళ్లు పైకి తీసుకుని, వరసగా నడిచి వెళ్లేయండి. ఒక్క కాయ రాలలేదు. ఒక్క ఉడత దిగలేదు."

"నడిచెళ్తే మరి నా దొడ్లో మొదళ్లు అలాగే ఉన్నాయేంటండి?"

"అవా? చెట్లు విప్పేసి వెళ్లిన చెప్పులండి అవి."

జగ్గారావు ఇంకో టీ చెప్పేడు.

"తర్వాత పంట కాలవ అడ్డొచ్చింది. చాప చుట్టినట్టు చుట్టి, చంకలో పెట్టుకుని అవతల పరిచేను. నూకాలమ్మ గారి బాతులు అందులోనే ఉన్నాయండోయ్! పరిచేక చూద్దును కదా, ఈదుతూనే ఉన్నాయి. సాయంత్రం ఇంటికి బయల్దేరేదాకా వాటికి కాలవ మారిన సంగతే తెలీదు."

"గుడ్లేమన్నా పెట్టేయా అండి?"

"ఆయ్! చుట్టలోనే."

ఇంతలో ఒక మోటారుసైకిల్ వచ్చింది. దేవసహాయం గారు చెయ్యెత్తేరు. అది ఆగలేదు. ఎత్తిన చేత్తోనే తల దువ్వుకుని కథలోకి వచ్చేరు.

"ఇంకొంచెం లాగితే రోడ్డు వెళ్లి గోదావరికి తగిలింది. గోదారి గట్టెక్కి వచ్చి, 'దేవసహాయం గారూ, నన్నెటు జరగమంటారు?' అని అడిగింది. 'అయ్యో, పెద్దవారు, మీరు జరగడమేంటండి, నేనే టేపు వదులుతాను' అన్నాను. అందుకేనండి రోడ్డు నాలుగు లైన్లతో ఆగింది. లేకపోతే పదహారు!"

అప్పుడే ఆయన వెనక ఒక ఆటో ఆగింది. క్యారేజీ పట్టుకుని నాగమణి గారు దిగేరు. ఎదురింటి నుంచి రావడానికి పక్క ఊరంతా తిరిగొచ్చిన మొహం అది. జగ్గారావు చూసేడు, చూడనట్టే అడిగేడు.

"అన్నీ మీరే చేసేరు, సరే. మన ఊరి ముందు దారి మూయించింది మాత్రం ఎవరండి?"

"ఇంకెవరండీ బాబూ! రోజూ ఏదో స్కూటరు ఏదో లారీని గుద్దుకుంటుంటే చూడలేక, డివైడరు రెండు కొసలూ రెండు చేతులతో లాగి ముడేసేను. ఆ రోజు నుంచి ఒక్కడి మోకాలు గీరుకోలేదు. ఊరంతా నాకు దణ్ణం పెట్టాలి."

"ముడేసింది మీరా?" అన్నారు నాగమణి గారు.

దేవసహాయం గారు వెనక్కి తిరగలేదు. తిరక్కుండానే రొయ్యల వాసన తెలిసింది.

"భూలక్ష్మీ, పళ్లేలు తియ్యమ్మా. నువ్వూ, జగ్గారావు గారూ తినండి. ఆ మూసినవాడికి అన్నం పెట్టనని నేనెప్పుడో చెప్పేను."

క్యారేజీ మూత తెరుచుకుంది. దేవసహాయం గారు చింతచిగురు వంక చూసేరు, నాలుగు లైన్ల వంక చూసేరు.

"నేను కాదు నాగమణీ. ఇంజనీర్లు."

"గోదావరండి?" అన్నాడు జగ్గారావు.

"ఎక్కడుందో అక్కడే ఉందండి."

"మరి కాలవా?" అంది భూలక్ష్మి.

"మిషను పెట్టి తవ్వేరమ్మా. బాతులు ఈదడం మాత్రం నిజం."

"టేపు?" అన్నారు నాగమణి గారు, గరిటె గాల్లోనే ఆపి.

ఆయన ఆ గరిటె వైపు చూసేరు. "గాలికి ఎగురుతోందని కొస మీద కాలు పెట్టమన్నాడా కుర్రాడు. పెట్టేను."

నాగమణి గారు నవ్వు ఆపుకుంటూ పళ్లెంలో అన్నం పెట్టి, రొయ్యలు వేసేరు. జగ్గారావు మాత్రం ఆపుకోలేక టీ చొక్కా మీద వొంపుకున్నాడు. దేవసహాయం గారు రెండు ముద్దలు తిన్నారు. మూడోదానికి మొహంలో కళ వచ్చింది.

"కాలు పెట్టడమంటే, అది మామూలు కాలా అండి! అలా పెట్టేసరికి భూమి..."

నాగమణి గారు క్యారేజీ మూత చేతిలోకి తీసుకున్నారు.

"మామూలు కాలేనండి" అన్నారు దేవసహాయం గారు.