యజ్ఞన్న కాపలా కాసిన బావి

క్యాంప్ 2 అన్నలారా, అమ్మలారా, కోహ్కా నుంచి, భిలాయి-3 నుంచి ఎండనపడి వచ్చిన భయ్యాలూ, దీదీలూ, మా తులసమ్మొదినా!

డ్యూటీలు మార్చుకొని మరీ ఇంతమంది వచ్చేరు. ఎవరి కోసం? పెద్ద ఆఫీసరు కోసమా? యూనియన్ లీడరు కోసమా? కాదు. పొద్దున్నే తాడు పట్టుకొని బావిలోకి తొంగిచూసే మన యజ్ఞనారాయణన్న కోసం. గుండె ఆగి ఆయన పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. నేను అప్పలసూరిని, ఆయన పక్కింటివాణ్ణి. ఏడుద్దామనే లేచేను. కానీ ఆయన కబుర్లు మొదలెడితే నాకు ఏడుపు రాదు, హుషారొచ్చేస్తాది. ఏటి చెయ్యమంటారు? ఆయన అలాంటి మనిషి.

భిలాయి స్టీలు ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు కొలిమి వేడి చూసి లాగ్‌బుక్కులో రాసేడు. కొత్తగా చేరినోళ్ళకి ఒకటే మాట చెప్పీవాడు. "కంటికి కనబడింది రాయి. మనసుకి తోచింది ఇంటికెళ్ళి పెళ్ళానికి చెప్పుకో." రిటైరయ్యేడు. ఊరుకున్నాడా? తొంభైమూడులో లాతూరు భూకంపం కబురు పేపర్లో చదివి, మర్నాడే ఒక నోటుబుక్కు కొన్నాడు. ముళ్ళేసిన తాడుతో మన వీధి బావి లోతు, నీళ్ళ రంగు, వాసన, ఆకాశం, పొగ ఏ దిక్కుకి పోతోందో, అన్నీ రాయడమే. ఇదేం పిచ్చన్నా అని నవ్వేం. భూకంపం అంటే ఇళ్ళు కూలడం ఒక్కటే కాదురా అన్నాడు. బియ్యం బస్తా కుదిపితే గింజలు సర్దుకొని మధ్యలో గాలి పైకి రాదూ? నేలా అంతేనట. అది కదిలితే లోపలి వాయువులు పైకొస్తాయి, నీళ్ళు దారి మార్చుకుంటాయి, కొండలు జారితే దుమ్ము ఆకాశం పట్టేస్తాది. పాఠం కాదు బాబూ, పండగ! చెబుతుంటే ఆయన కళ్ళు చూడాలి.

మొన్న తొంభయ్యేడు మే నెలలో జబల్‌పూర్ దిక్కున భూమి కదిలింది. ఇక్కడ మంచాలు ఊగేయి, గిన్నెలు దొర్లేయి. ఆ సాయంత్రం ఆకాశం ఎర్రబడింది. విజయనగరం నుంచి వచ్చిన మా వియ్యంకుడు సూర్యారావు భూమి కడుపులో మంట పైకొచ్చేసిందని సంచీ సర్దేసుకున్నాడు. ఆయనంటే కొత్త. మనకేటయ్యింది? ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్న ఎరుపే కదా! అయినా వీధంతా పిల్లల్ని ఎత్తుకొని బయటికొచ్చీసేం. యజ్ఞన్న గడియారం చూసి పకపకా నవ్వేడు. బి షిఫ్టోళ్ళు కొలిమిలోంచి తీసిన స్లాగు, ఆ మండే చిట్టెం, పారబోస్తున్నారు, పోయి అన్నాలు తినండి అన్నాడు. నోటుబుక్కులో ఏటి రాసేడో తెలుసా? "ఆకాశం ఎరుపు. కారణం, మనం."

ఇంక నా సంగతి చెప్పాలి.

మర్నాడు పొద్దున్న బావిలో నీళ్ళు రెండు జానలు పైకొచ్చేయి. పాలలాగ తెల్లగా, చేతికి వెచ్చగా ఉన్నాయి. గంగమ్మ పొంగిందన్నారెవరో. ఎవరో ఏటి, నేనే అన్నాను. కొబ్బరికాయ కొట్టినది నేను. పసుపు చల్లించినది నేను. ఆడవాళ్ళు బిందెలతో బారు తీరేరు. యజ్ఞన్న చేతులు చాపి బావికి అడ్డంగా నిలబడ్డాడు. ఈ నీళ్ళేటో నాకు తెలీదు, తెలీదు కాబట్టే తాగొద్దు, జాంచ్ చేయిస్తాను, పరీక్షకి పంపుతాను, నాలుగు రోజులాగండి అని బతిమాలేడు. విన్నామా? అప్పటికే చెంబుడు తాగేసి, ఆరేళ్ళ నా మనవరాలు అమ్ముకి తీర్థమని గ్లాసు అందించేను. ఆయన ఒక్క దెబ్బతో ఆ గ్లాసు ఎగరగొట్టేడు.

నేనేం చేసేనో మీరంతా చూసేరు. నా కన్నా పదేళ్ళు పెద్దవాడి కాలరు పట్టుకున్నాను. పాగల్ అన్నాను, పిచ్చోడా అన్నాను. గంగమ్మని తన్నినోడు అన్నాను. ఆయనేం చేసేడు? బావి మీద రేకు మూసి, దాని పక్కనే మేనెల ఎండలో పొద్దుగూకీదాకా కూకున్నాడు.

నాలుగో రోజు రిపోర్టొచ్చింది. బావిలో మురుగు కలిసింది. అప్పటికి నేనూ, నా కొడుకూ, కోడలూ మూడు రోజులుగా పాయిఖానా దగ్గరే కాపురం. మా ఇంట్లో ఆడుకుంటూ తిరిగినది అమ్ము ఒక్కర్తే. మాకు రోజూ గంజి కాచి తెచ్చినదెవరు? యజ్ఞన్నా, ఆయన ఇల్లాలు మా తులసమ్మొదినా. గెలిచేనని విర్రవీగేడా? నోటుబుక్కు చూసేను. "నీళ్ళు చెడ్డవి. భూమి కదిలి బావి వర పగిలిందో, మురుగు నాలా ముందే కారుతోందో, తెలీదు." అంతే. నా పేరు లేదు. కాలరు సంగతి లేదు.

తప్పయిపోయిందన్నా అని ఒక్క ముక్క చెప్పాల. రేపు చెబుదాం అనుకున్నాను. రోజూ గోడ మీంచి పలకరించుకున్నాం, టీ తాగేం, భూకంపాల కబుర్లు చెప్పుకున్నాం. ఆ ముక్క మాత్రం నోట్లోంచి రాలేదు. ఎనిమిది నెలలు! సిగ్గులేని రేపులు ఎన్ని పోయేయి!

నలుగురి ముందు కాలరు పట్టుకున్నాను కాబట్టి నలుగురి ముందే చెబుతున్నాను. అన్నా, తప్పు నాది. నువ్వు పాగల్‌వి కాదు. వొదినా, ఆయనకి వినబడదు. నువ్వు విను. నన్ను క్షమించమని అడగను, విన్నానని తలూపు, చాలు.

ఇప్పుడందరూ లేవాల. అమర్ రహే అని అరవొద్దు, ఆయనకి గోల పడదు. రెండు నిమిషాలు నోళ్ళు మూసుకొని ఆయన్ని తలుచుకుందాం.

అమ్మూ, ముందు నువ్వు లే తల్లీ. నువ్వు లేస్తే, నీ వెనక మేమంతా లేస్తాం.