తిట్ల వైద్యం

లిఫ్టులు బాగుచేసే అతను ఎవరిదో ఐదంతస్తుల మేడ మీద, నీళ్ల ట్యాంకు నీడలో చతికిలబడి ఇంటికి ఫోను చేశాడు. ఎత్తిన భార్య పలకరింపులూ అవీ పెట్టుకోకుండా నేరుగా అత్తగారి మీద పడింది.

“...అక్కడితో అయిందా? నేను కడిగి బోర్లించిన గిన్నెలన్నీ మళ్లీ కడిగారు మీ అమ్మగారు. ఎందుకత్తయ్యా అంటే, ‘ఊరికే చూస్తున్నానమ్మా’ అన్నారు. గిన్నెలు చూడ్డానికి సబ్బెందుకో నాకర్థం కాలేదు.”

“అందులో తప్పేముంది? ఆవిడకి శుభ్రం ఎక్కువ.”

“శుభ్రం ఎక్కువ కాదు, నా మీద నమ్మకం తక్కువ. ఇక ఫ్యాను. నేను వేస్తే ఆవిడ కట్టేస్తారు. ఆవిడ కట్టేస్తే నేను వేస్తాను. ఆ ఫ్యానుకి పుట్టిల్లంటూ ఉంటే ఈపాటికి వెళ్లిపోయేది.”

“నువ్వూ తక్కువదానివేం కాదులే.”

“కోపం వస్తోందా?”

“రావట్లేదు. ఇంకాస్త గట్టిగా తిట్టు.”

“ఏమిటివాళ ఇంత మొండికేశారు? మామూలుగా అయితే గిన్నెల దగ్గరే చేతులు ఊపేసేవారు. మీ అమ్మని అంటే మీకు చేతులు ఆగవు, చేతులు ఊపే మనిషి అగ్గిపుల్ల గీసి సిగరెట్టు అంటించలేడు. అందుకే కదా ఈ వైద్యం కనిపెట్టింది.”

“ఇవాళ చెయ్యి ఖాళీగా లేదు.”

“ఏముంది చేతిలో?”

“ఫోను.”

“అది చెవి దగ్గరుంది. రెండో చేతిలో? స్క్రూడ్రైవరా?”

“కాదు.”

“అంటించారా?”

“ఇంకా లేదు.”

“ఎవరిచ్చారు?”

“ఇక్కడి వాచ్‌మన్. నేను అడగలేదు. ‘మీ మొహం చూస్తే జాలేస్తోంది సార్, తీసుకోండి’ అని చేతిలో పెట్టాడు. అగ్గిపెట్టె కూడా.”

“అంత జాలేస్తే మంచినీళ్లివ్వాల్సింది.”

“అంతకుముందు కింద ఒకావిడ దులిపేసింది. లిఫ్టు కదలకపోవడం నా తప్పేనట. తలుపుకి పూలకుండీ అడ్డం పెట్టి మర్చిపోయింది ఆవిడ. కుండీ తీసి పక్కన పెట్టింది నేను. తిట్లు నాకు.”

“ఆ మాట ఆవిడతో అన్నారా?”

“లేదు. నవ్వి పైకొచ్చేశాను. చూడు, నన్నెవరూ బుజ్జగించక్కర్లేదు. ఈ ఒక్కటీ కాల్చేస్తాను. రేపట్నుంచి మళ్లీ...”

“కాల్చండి.”

“ఏంటీ?”

“కాల్చండి అంటున్నా. ఫోన్లోంచి చెయ్యి చాపి లాక్కోలేను కదా. కాకపోతే నేను ఫోను పెట్టను. మీరు కాలుస్తున్నంతసేపూ మీ అమ్మగారి గురించి చెబుతూనే ఉంటాను.”

“బెదిరిస్తున్నావా?”

“అవును.”

“అసలు నాకింతమంది కాపలా ఏమిటి? మా షాపులో వాళ్లు నేను ఎప్పుడు అంటిస్తానా అని పందేలు కాస్తున్నారు. మీ తమ్ముడు నమలమన్న ఏలకులు నమిలీ నమిలీ దవడలు పడిపోయాయి. వాటన్నిటికీ మించి అమ్మ. చుట్టాలందరి ముందూ ఏమంది? ‘మీ నాన్న వల్లే కాలేదు, నీ వల్ల ఏమవుతుంది’ అంది. ఆ మాటతోనే మానేశాను నేను. ఇప్పుడు ఆ మాటే నిజమయ్యేట్టుంది.”

“ఓహో. ఆవిడ మీద పంతానికి మానేశారా?”

“మరెందుకనుకున్నావు?”

“నా కోసమేమోనని. పోన్లెండి, పంతమే గట్టిది, నిలబడుతుంది. అయితే వినండి. మీ అమ్మగారు వట్టి పిసినారి.”

“ఎవరు పిసినారి?”

“ఆవిడే. చిన్నప్పుడు మీకు కొత్త చెప్పులు కొని, అరిగిపోతాయని బడిదాకా చేత్తో పట్టుకెళ్లమన్నారట. పిల్లాడి కాళ్లు అరిగినా ఫరవాలేదు కాబోలు.”

“పిసినారితనమా అది? దారంతా బురద. చెప్పులు నా చేతికిచ్చి, నన్ను చంకనెత్తుకుని నడిచేది. ఆవిడ కాళ్లకి అవి కూడా లేవు తెలుసా? మోకాళ్ల దాకా బురదలో దిగబడుతూ... తెలిసీ తెలియకుండా మాట్లాడకు. అసలు... ఆగు. ఈ సంగతి నీకెవరు చెప్పారు?”

“ఎవరో చెప్పార్లెండి.”

“ఎవరో ఏమిటి? అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు.”

“మీరే ఎప్పుడో నిద్రలో...”

“నిద్రలో చెప్పుల గురించి కలవరిస్తానా? నిజం చెప్పు. ఇన్నాళ్లుగా ఇన్నేసి తిట్లు నీకెక్కణ్ణుంచి వస్తున్నాయి?”

“నా దగ్గరున్నవి ఎప్పుడో అయిపోయాయండీ. ఎంతైనా ఆవిడ మరీ అంత చెడ్డ మనిషి కాదు.”

“మరి?”

“సరుకు ఆవిడదే. మీ ఫోను రాగానే పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటారు. చెప్పుల సంగతి ఇప్పుడే చెవిలో ఊదారు. ‘ఇది అను, వాడికి ఒళ్లు మండుతుంది’ అన్నారు.”

“అమ్మకివ్వు.”

“వద్దంటున్నారు. చేతులు ఊపేస్తున్నారు. ఇది మీ వంశంలోనే ఉన్నట్టుంది.”

“ఇవ్వమన్నానా.”

“ఇదిగో, తీసుకోండత్తయ్యా.”

“ఏరా.”

“నిన్ను నువ్వే తిట్టించుకుంటున్నావా అమ్మా?”

“ఏం చెయ్యను? నీ పెళ్లానికి తిట్టడం చేతకాదు. పిసినారి అనమంటే పొదుపరి అంటుంది. ఎన్నిసార్లు దిద్దానో.”

“నీ సాయం నాకేం అక్కర్లేదు. నా వల్ల కాదన్నది నువ్వే.”

“అన్నాను.”

“నాన్న వల్లే కాలేదన్నావు.”

“అన్నాన్రా. ముందు చేతిలోది ఏమైందో చెప్పు.”

“చేతిలోదా... లేదు. బురద సంగతి చెబుతూ చెయ్యి విసిరినట్టున్నాను. ట్యాంకు కింద నీళ్లలో పడుంది.”

“తడిసిందా?”

“ముద్దయింది. పొడిగా ఉన్నా తీసేవాణ్ణి కాదు. నీ మాట నెగ్గనివ్వను.”

“నెగ్గనివ్వకు.”

“ఈసారి చుట్టాలొచ్చినప్పుడు వాళ్ల ముందే చెబుతాను. నాన్న వల్ల కానిది నా వల్ల అయిందని.”

“అలా మాత్రం చెప్పకు.”

“ఏం? ఎందుకు చెప్పకూడదు?”

“ఎండగా ఉందా అక్కడ? నెత్తిన ఏమన్నా వేసుకున్నావా?”

“మాట మార్చకు. నాన్న వల్ల కాలేదని నువ్వే కదా అన్నావు?”

“ఆయన వల్ల కాకపోవడమేమిటి, నీకంటే మొండిఘటం. ఎన్నిసార్లు మానేశాడో. మానేసిన ప్రతిసారీ ‘చూద్దాం ఎన్నాళ్లో’ అని నలుగురిలో నవ్వింది నేను. ఆ చిన్నతనానికే మళ్లీ అంటించేవాడు. తప్పు ఆయనది కాదురా, నాది.”