సాయబు తాత ఎర్రగుడ్డ

"అవ్వా, పుస్తకం చేతికిస్తే చాలు, ముందుగాల కొంగుతోటి తుడుస్తవెందుకే?"

ఎందుకంటే... ఆగు, జర జరుగు, నడుము వట్టేసింది. గా దిండు ఇటు వెట్టు. ఆఁ, గట్ల. ఇగ ఇను. దుమ్ముండనీ, లేకపోనీ బిడ్డా, అది నాకు అలవాటైపోయింది. ఒక సాయబు తాత కాడ నేర్సుకున్న. నేర్సుకున్ననంటే ఆయనేం కూసోవెట్టి నేర్పలే. నా ఇజ్జత్ నిలవెట్టిండు. మీ తాతకు నాకు లగ్గమైందంటే ఆ సాయబు ఎర్రగుడ్డ పుణ్యమే. ఏంది నవ్వుతున్నవ్? ఒట్టు, నిజంగనే చెప్తున్న.

గప్పుడు నిజాం జమానా. రజాకార్ల లొల్లి ఇంకా మా దిక్కు రాలే. మాది జడ్చర్ల పక్కపొంటి పల్లె, గొర్లు కాసుకునేటోళ్లం. మా నాయినకు పెద్ద మంద. మందల నేనే పెద్దదాన్ని... అంటే పిల్లలల్ల పెద్దదాన్ని, గొర్లల్ల గాదు. కొత్త గొంగడి రెండు రూపాలకు వస్తుండె, హాలి రూపాలు, నిజాం సిక్కా. ఇప్పుడు గా పైసలకు ఏమొస్తదే, ఊదువత్తులన్న రావు. ఏం చెప్పవడితి నేను? ఆఁ, మీ తాత.

మీ తాత జడ్చర్లల పల్లికాయల మిల్లు ఉండె, గాడ కాంట కాడ పని చేస్తుండె. తల్లి లేదు, తండ్రి లేడు. ఆయనకు అక్క ఒక్కతి, బాలమ్మ, మా వదినె. అత్తగారింటికి మనుగడకు పోయిన ఏడాదికే మొగడు సచ్చిపోతే తిరిగొచ్చి, గొర్లు కాసి, తమ్మున్ని బడికి తోలింది. అమ్మయినా, అయ్యయినా గామెనే. నేను మా నాయినెంబడి సంతకు పోయినప్పుడు మీ తాతను చూసిన. తెల్లంగి తొడిగి, చెవు మీద పెన్సిల్ వెట్టుకొని కాంట తూస్తున్నడు. నాకు మనసు వడ్డది బిడ్డా. ముసల్దాన్నైన, ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గేంది?

ఆయనది ఒక్కటే పట్టు, చదువొచ్చిన పిల్లనే చేసుకుంట అని. మా కులంల ఆడపిల్లలకు గప్పుడు చదువేడిదే? మొగోళ్లకే లేకుండె. ఉన్న ఒక్క బడి గూడ ఉర్దూ బడి. మా నాయిన ఏం చేసిండు, సంబంధం తెచ్చినాయనతోని "మా పిల్లకు చదువొస్తది" అన్నడు, గంతే. మా అమ్మ నెత్తి కొట్టుకున్నది. "నూరు అబద్ధాలాడి ఒక లగ్గం చెయ్యమన్నరు, నేనాడింది ఒక్కటే గద" అని ఆమె మీదికే లేచిండు. మా నాయిన గట్లనే, తప్పు తనదైతే గొంతు పెద్దగ చేస్తడు.

మా వదినె పిల్లను చూడొచ్చింది. చూసింది, అన్నం తిన్నది, నచ్చిందనే చెప్పింది. ఇగ లేస్తదనుకుంటే, "రేపు పాలమూరు పోదాం దా పిల్లా. గాడ పుస్తకాల దుకాణమున్నదంట. మా తమ్మునికి ఒక కత పుస్తకం కొందాం, నువ్వే ఏరియ్యాలె" అన్నది. నా గుండెల రాయి వడ్డది. మా నాయిన మొఖం చూసిన. ఆయన గొర్ల దొడ్డి దిక్కు చూస్తున్నడు.

తెల్లారి రైలెక్కినం, ముగ్గురం. నాకదే మొదటిసారి రైలెక్కుడు, కానీ కిటికీల ఏం గనవడ్డదో అడిగితే చెప్పలేను. ఒక్కటే ఫికర్. చూసి వద్దన్న పిల్లను మల్లెవ్వరు చేసుకుంటరు? గది ఒకటి. ఆ తెల్లంగి పిలగాడు నాకు దక్కడేమో అని గది ఇంకొకటి. నిజం చెప్పాల్నంటే రెండోదే పెద్ద బాధ.

దుకాణం బజార్ల ఒక సందుల ఉండె. పలకలు, బలపాలు, ఉర్దూ బడి పుస్తకాలు, పంచాంగాలు, తెలుగు కతల పుస్తకాలు, అన్నీ గోడ పొంటి పేర్చి. లోపల తెల్లగడ్డం సాయబు తాత, భుజం మీద ఎర్రగుడ్డ. మా నాయిన "చుట్ట తాగొస్త" అని బయటనే నిలవడ్డడు, ధైర్యం చాలక.

ఇప్పుడు దుకాణంల కాలు వెట్టంగనే ఏం గావాలె, ఏం గావాలె అని మీద వడ్తరు గద. ఆ సాయబు గట్ల గాదే. ముందుగాల చాప పరిచిండు. "కూసోండి బేటీ, ఏ ఊరు? వానలు వడ్డయా మీ దిక్కు?" అన్నడు. గొర్లోళ్లమని తెలిసినంక గొర్లకు ఏం రోగాలొస్తున్నయో అడిగిండు. రంజన్ల నీళ్లు ముంచి ఇచ్చిండు. పుస్తకం మాటనే లేదు. గంత పెద్ద బజార్ల మమ్ముల గట్ల మర్యాద చేసినోళ్లు ఎవ్వరూ లేరు, నాకు జర ధైర్యమొచ్చింది.

అప్పుడు వదినె చెప్పింది, "తమ్మునికి కత పుస్తకం గావాలె సాబూ, గీ పిల్ల ఏరుతది" అని. ఆయన నన్ను చదువొచ్చా అని అడగలే. ఒక పుస్తకం తీసి నా చేతిల వెట్టి, అటు మర్లి ఏందో సదురుకుంటున్నడు. వదినె ముంతెత్తి నీళ్లు తాగుతున్నది, మొఖం మీదికున్నది. నేను పుస్తకం తెరిచిన. అన్నీ చీమల బార్లు. గంతల సాయబు ఇటు మర్లి నా చేతులకెల్లి పుస్తకం తీసుకొని, "అరె, దుమ్మున్నది బేటీ" అని ఎర్రగుడ్డతోటి తుడిచి మల్ల ఇచ్చిండు. దుమ్మేడున్నదో నాకు కనవడలే. ముసలాయనకు చాదస్తం అనుకున్న.

వదినె ముంత దించి మూతి తుడుచుకొని, "జర పెద్దగ చదువు పిల్లా, నేను గూడ ఇంట" అన్నది.

నా పై పానాలు పైన్నే పోయినయ్. ఇగ అయిపోయిందనుకున్న.

సాయబు అందుకున్నడు. "గట్ల గాదు బేటీ. మా దుకాణంల కొనేదాక పైకి చదువనియ్యం. కతంతా ఈడనే ఇంటే ఇగ కొనేదెవ్వరు?" అన్నడు. మూలకు ఒకాయన కూసోని, మేము వచ్చినప్పటిసంది రాగం తీసి చదువుతనే ఉన్నడు! సాయబు అటు మర్లి, "ఓ పటేలా, చెప్పిన గద, మనసుల చదువుకో" అన్నడు. పాపం, ఆయనకు ఎన్నడు చెప్పిండో ఏమో, నోరు తెరిచిన మనిషి తెరిచినట్టే ఉన్నడు.

మా వదినె తక్కువదా? ముక్కు మీద కోపం. "అయితే ఇటు తే, నేను చూస్త" అని నా చేతులకెల్లి గుంజుకున్నది. మంచిగ మొఖానికి ఎదురుగ వట్టుకొని, పెదవులు కదిలిచ్చుకుంట చూస్తున్నది. నేను ఎదురుంగ కూసున్న గద, నాకు అట్ట కనవడ్తున్నది. అట్ట మీద గుర్రమెక్కిన రాజు బొమ్మ. చూస్తే ఏముంది, గుర్రం కాళ్లు మీదికున్నయ్! రాజు నెత్తి కింద!

అప్పుడు తెలిసింది బిడ్డా. నా చేతిల ఉన్నప్పుడు గూడ ఆ రాజు గట్లనే ఉన్నడు. సాయబు తుడిచింది దుమ్ము గాదు, గిది.

నవ్వు రాలే నాకు. ఆమె చేతి ఏళ్లు చూసిన, పాలు పిండి పిండి, పేడ ఎత్తి ఎత్తి పలిగిపోయినయ్. ఆ ఏళ్లు అట్టను గట్టిగ అదిమి వట్టినయ్, నా లెక్కనే. తమ్మున్ని చదివిచ్చిన మనిషి తనకు రాదని ఎట్ల చెప్పుకుంటది? నన్ను పరీచ్చ చేయనీకి ఆమెకు చదువుంటే గద, గందుకే చదువొచ్చిన దుకాణపాయన చూసి చెప్తడని ఈడిదాక తోల్కొచ్చింది. సాయబు వంగి, "బేటీ, దీని మీద గూడ దుమ్మున్నది" అని తీసుకొని, తుడిచి, సక్కగ చేసి చేతిల వెట్టిండు. వదినె "కండ్లకు సరిగ్గ ఆనుతలేదు" అన్నది. నేను, "అవు వదినే, గీడ చీకటున్నది" అన్న. అసుంటి ఎండల చీకటేడిదే!

"పిల్ల ఎట్లున్నది సాబూ?" అని అడిగింది వదినె, జర మెల్లగ. ఆయన అబద్ధం ఆడలే. "పిల్లకు పుస్తకం మీద పానమున్నది, నేను చూసిన" అన్నడు. ఆ కత పుస్తకం కింద అక్షరాల పుస్తకం ఇంకొకటి వెట్టి, రెండూ ఒక్క కాయితంల చుట్టిండు. "రేపు ఇంట్ల పిల్లలు గారా? పనికొస్తది" అన్నడు.

లగ్గమైంది. ఇగ మా ఇద్దరి బాధ చూడాలె! దొడ్డి కాడ ఆ అక్షరాల పుస్తకం ముందట వెట్టుకొని, "నువ్వు చదువు పిల్లా, నాకు కండ్లు గుంజుతున్నయ్" అని ఆమె. "పెద్దోళ్లు మీరుండంగ నేనెట్ల చదువుత వదినే" అని నేను. ఇద్దరం దొంగకు తేలు కుట్టినట్టు. మీ తాత ఎప్పుడొచ్చి ఎనకాల నిలవడ్డడో తెల్వదు. పుస్తకం తలకిందులున్నది, చూడనే చూసిండు.

పుట్టింటికి తోల్తడనుకున్న. ఏడుపు తన్నుకొచ్చింది. మా వదినె దిగ్గున లేచి నాకు అడ్డం నిలవడ్డది. "పిల్లను ఏరింది నేను. ఒక్క మాటన్నవో, నేను గూడ దీనెంబడే పోత" అన్నది. మీ తాత పుస్తకం తీసి పక్కకు వెట్టిండు. కిందికి కూసోని, గొర్లను తోలే కట్టెతోటి మట్టిల ఒక అక్షరం రాసిండు. "ఇద్దరు గూసోండ్రి" అన్నడు. గంతే బిడ్డా, ఎన్నడూ ఎత్తి పొడువలే మారాజు.

మల్ల పాలమూరు పోయినం, వదినె నేను. సాయబు అదే చాప, అవే నీళ్లు. పుస్తకం చేతిల వెట్టిండు, ఇద్దరం సక్కగ వట్టుకున్నం. ఎర్రగుడ్డ భుజం మీదికెల్లి తియ్యలే. వానల సంగతి అడిగిండు.

ఇప్పుడు సాయబు లేడు, వదినె లేదు, మీ తాత లేడు. నా కండ్లకు పొరలొచ్చి అక్షరాలు అలుక్కుపోయినయ్. అయినా చేతిల ఉంటే మంచిగుంటది. ఏదీ, నువ్వు తెచ్చిన పుస్తకం ఇటు తే. కొంగుతోటి తుడవనీ... ఆఁ. కొత్త కాయితం వాసన! గీడ ఏం రాసున్నదంటే...

ఏందే, గుంజుకుంటున్నవ్? దుమ్మా? ఇప్పుడే తుడిస్తి గదనే, ఇంకేడి దుమ్ము...

ఓ.

సల్లగుండు బిడ్డా. నా ఆయుష్షు గూడ పోసుకొని సల్లగుండు. ఇగ నువ్వే చదువు, నేనింట.