రెండో రకం నష్టం

సునామీ వచ్చి పదమూడు నెలలు. దీవిలోని బాంబూఫ్లాట్‌ ఊళ్ళో ఇంటి ముందు చేపలు ఆరబెడుతున్న తవిటమ్మ దగ్గర, చిన్న బీమా పాలసీలు రాయించే ఏజెంటు భానుప్రకాష్ కూర్చుని ఉన్నాడు.

“...అందుకని దీదీ, రిస్కు రెండు రకాలు. ఒకటి వై... వైయ... వైయక్తికం. రెండోది సామూ...”

“ఆ కాయితం ఒగ్గీ బాబూ. నోటితో సెప్పు.”

“మాట్లాడతాను గానీ తెలుగు చదవడం రాదు నాకు. స్కూల్లో అంతా హిందీయే. ఈ పుస్తకం మెయిన్‌ల్యాండ్ నుంచి పంపారు. మతలబ్ ఏంటంటే, ఒక్కరికే వచ్చే నష్టం ఒక రకం. అందరికీ ఒకేసారి వచ్చేది ఇంకో రకం.”

“ఒక్కరికే అంటే?”

“మీ కాలు విరిగిందనుకోండి. పక్కింటి కామేశ్వరమ్మగారి కాలు బాగానే ఉంటుంది కదా. అది మొదటి రకం. దానికి మేం డబ్బులిస్తాం.”

“ఆవిడ కాలూ ఆ రోజే ఇరిగితే?”

“ఇద్దరే కదా, ఇస్తాం.”

“ఈదంతా ఇరిగితే?”

“అది... అది రెండో రకం దీదీ. దానికి ఇవ్వం.”

“అంటే ఒంటిగా మునిగితే ఇత్తారు, అందరితో పాటు మునిగితే ఇవ్వరు.”

“అలా కాదు... అంటే, అంతే. అందరికీ ఒకేసారి ఇస్తే కంపెనీ మునిగిపోతుంది.”

“అదెలా మునుగుద్ది? సముద్రం కాడ ఉందా?”

“లేదు, హైదరాబాదులో ఉంది.”

“మరింక బయమేటి?”

“మీకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలో...”

“అర్దమయింది. నీకంటే ముందే అర్దమయింది. మా ఆడోల్లం పదకొండుమందిమి రామలక్ష్మి ఇంట కుండెట్టినాం. వంట కాడ కూకున్నప్పుడల్లా గుప్పిడు బియ్యం తీసి అందులో ఏసీవోల్లం. ఎవులింట జరవొస్తే ఆల్లకి. వల సిరిగితే ఆల్లకి. తొమ్మిదేల్లు నడిసింది.”

“అదే దీదీ, అదే బీమా అంటే!”

“అలొచ్చిన రోజు పదకొండుమందిమీ కుండ కాడికే పరిగెట్టినాం. కుండ లేదు. రామలక్ష్మి ఇల్లే లేదు.”

“...అది రెండో రకం.”

“పేరు నీది. సూసింది నాను. పోనీ, మా పడవకి రాత్తారా?”

“పడవకి కష్టం. నీళ్ళలోకి వెళ్తుంది కదా, రిస్కు ఎక్కువ.”

“ఒడ్డునెడితే?”

“ఒడ్డున ఉన్నంతసేపూ ఉంటుంది.”

“పాతది ఒడ్డునుండగానే పోనాది.”

“అందుకే మనుషులకి రాయిస్తున్నాం. ప్రమాదంలో మనిషి పోతే ఇంట్లోవాళ్ళకి అందుతుంది. ఫారం నింపేద్దాం, ఠీక్ హై? మీ ఆయన పేరు?”

“అప్పలరాముడు.”

“ఏం చేస్తారు?”

“ఆ పొద్దున్న పడవ పైకి లాగుదామని ఎల్లినాడు. మరి రాలేదు.”

“అయ్యో. తెలీక అడిగాను. ఇక్కడ ‘స్వర్గీయ’ అని రాస్తాను.”

“రాయకు.”

“ఎందుకు?”

“పోనాడన్న కాయితం లేదు. ఆఫీసుకి నాలుగుసార్లు ఎల్లినాను. శవం లేందే కాయితం లేదు, ఏడేల్లు ఆగమన్నారు. రేషన్ కార్డులో ఆయన పేరు అలాగే ఉంది. నెలనెలా ఆయన బియ్యం ఆయనకొస్తన్నాయి.”

“మరి నామినీ ఎవరు? అంటే, మీకేమైనా అయితే డబ్బు ఎవరికివ్వాలి?”

“ఆయనకే.”

“దీదీ, నామినీ బతికుండాలి.”

“బతికే ఉన్నాడని గవర్నమెంటు అంటంది. నీ కంపెనీ గవర్నమెంటు కంటే పెద్దదా?”

“నా ఉద్యోగం పోతుంది దీదీ. పిల్లలున్నారా?”

“ఒక గుంట. లక్ష్మీకుమారి. తొమ్మిదేల్లు.”

“ఆ పాప పేరు రాద్దాం. పెద్దయ్యేదాకా మీ అన్నో తమ్ముడో చూసుకుంటారని ఇంకో గడిలో రాస్తే చాలు.”

“వద్దు. నాన్నుండగా నా పేరెందుకు రాయించావని అడుగుద్ది. ఎదురుసూత్తంది అది. ఫెర్రీ వచ్చినప్పుడల్లా జెట్టీ కాడికి ఎల్లొత్తది.”

“పాపకి చెప్పలేదా?”

“ఏటని సెప్పను?”

“నిజం... అంటే, శవమైనా దొరికుంటే ఇంత కష్టం ఉండేది కాదు. కాగితం వచ్చేది. పాపకీ తెలిసేది. మీకూ ఓ దారి దొరికేది.”

“ఆ సేపలు కాస్త తిరగెయ్యి బాబూ.”

“ఏమన్నా తప్పుగా అన్నానా దీదీ?”

“దొరికినాడు బాబూ. మూడోనాడు ఆసుపత్రి కాడ గుడ్డ తీసి సూపించారు. పక్కన నా గుంట సెయ్యట్టుకుని, ‘నాన్నేనా అమ్మా’ అనడిగింది. కాదన్నాను.”